తలకు కరెంటు పెట్టించే ముందు

ఈస్టరు అయిన మరుసటి వారం ఓపీ వరండాలో ఒక అబ్బాయి నన్ను ఆపాడు. చేతిలో ఫోను, అందులో ఒక వీడియో. తెల్లజుట్టు దొరగారొకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తల చుట్టూ పట్టీ కట్టి దానికి రెండు వైర్లు తగిలించారు. "సిస్టరమ్మగారూ, ఇది పెడితే పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి తిరిగొస్తాదంటండి. మన ఆసుపత్రిలో ఉందాండీ ఈ మిషను?" అని అడిగాడు. పక్కన బల్ల మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. 74 ఏళ్లు. కశింకోట పక్క పల్లెలో పుట్టి, చెరకు కొట్టి, బెల్లం వండే పొయ్యిల దగ్గర పనిచేసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఇప్పుడు అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండటం లేదు. అడిగిందే అడుగుతోంది. ఒకరోజు కోడలిని పట్టుకుని "నువ్వు ఎవరి తాలూకమ్మా?" అన్నదట. అది చెబుతూ ఆ కోడలు కళ్లు తుడుచుకుంది.

మన దగ్గర ఆ మిషను లేదని చెప్పాను. సిటీలో ఒక సెంటరువారు పది రోజుల కోర్సుకు 40 వేలు అడిగారనీ, చెల్లెలి గొలుసు తాకట్టు పెడదామని అనుకుంటున్నామనీ ఆ అబ్బాయి అన్నాడు. అతను కొంచెం గట్టిగా మాట్లాడే మనిషి. ముసలమ్మ అంతవరకూ గోడవైపు చూస్తూ కూర్చున్నది, ఉన్నట్టుండి "నా తలకి కరెంటెందుకురా?" అంది. ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ సంగతి రాత్రి క్వార్టర్సుకు వెళ్లి పడుకున్నాక గుర్తుకొచ్చింది. ఆమెకు చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మిషను సంగతి. తలకు కోత పెట్టకుండా, మత్తు ఇవ్వకుండా, పైనుంచే మెదడుకు కొద్దిపాటి విద్యుత్తునో అయస్కాంత శక్తినో పంపే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిలో చవకైనది టీడీసీఎస్. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ముక్కలను తల మీద, నుదుటి మీద పట్టీతో బిగించి, 20 నుంచి 30 నిమిషాలు 1 లేక 2 మిల్లీయాంపుల కరెంటు పంపుతారు. చిన్న 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్టె చాలు. 2000 సంవత్సరంలో జర్మనీలోని గోటింగెన్ నగరంలో నిట్షే, పౌలస్ అనే శాస్త్రజ్ఞులు, ఈ కొద్ది కరెంటు ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలపాటు మెదడులోని ఆ భాగం చురుకు మారి ఉంటుందని చూపించారు. అప్పటినుంచి ప్రపంచమంతా దీని మీద పరిశోధనలు మొదలయ్యాయి. టీఏసీఎస్ అనేది దీని చెల్లెలు. అందులో కరెంటు ఒకే తీరుగా కాకుండా అలలు అలలుగా, మెదడు స్వంత లయకు తగ్గట్టు వెళుతుంది. మూడవది టీఎంఎస్. ఇది పెద్ద యంత్రం, ఖరీదైనది. తీగచుట్టను తలకు ఆనించి టకటకమని శబ్దం చేస్తూ అయస్కాంత శక్తిని పంపుతుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీనిని మొదట చేసి చూపించింది. మందులకు లొంగని డిప్రెషన్‌కు వాడటానికి 2008లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మన దేశంలో కూడా పెద్ద నగరాలలో ఆ జబ్బుకు వాడుతున్నారు.

టీడీసీఎస్‌లో వెళ్లే కరెంటు మెదడు కణాన్ని తనంతట తాను పనిచేయించేటంత బలమైనది కాదు. పనిచేయడానికి కొంచెం సిద్ధంగా ఉంచుతుంది, అంతే. పొయ్యి రాజెయ్యటం కాదు, పుల్లలు ఎండబెట్టటం అనుకోండి. నిప్పు మనం వేరే పెట్టాలి. అందుకే చాలా పరిశోధనలలో కరెంటు పెట్టిన సమయంలోనే జ్ఞాపకానికి సంబంధించిన అభ్యాసాలు కూడా చేయిస్తారు.

కరెంటు అనగానే మన ప్రాంతంలో అందరికీ "షాకు ట్రీట్‌మెంటు" గుర్తుకొస్తుంది. నేను నర్సింగ్ విద్యార్థినిగా మానసిక వైద్యశాల పోస్టింగులో ఉన్నప్పుడు దానిని దగ్గరుండి చూశాను. అది వేరు, ఇది వేరు. 1938లో రోము నగరంలో సెర్లెట్టి, బీనీ అనే వైద్యులు మొదలుపెట్టిన ఆ చికిత్సలో సుమారు 800 మిల్లీయాంపుల కరెంటుతో కావాలనే ఫిట్సు రప్పిస్తారు. తీవ్రమైన డిప్రెషన్‌లో అది ఇప్పటికీ ప్రాణాలు కాపాడే చికిత్స. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా దానిని చేయకూడదు. టీడీసీఎస్‌లో ఫిట్సు రప్పించటం ఉండదు, మత్తు ఉండదు, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. చురుక్కుమనటం, దురద, చర్మం ఎర్రబారటం, కొద్దిగా తలనొప్పి రావచ్చు. స్పాంజి ఎండిపోతే చర్మం కాలుతుంది. ఈసీజీ తీసిన ప్రతి నర్సుకూ తెలుసు, చర్మం మీద నూనె ఉంటే లీడ్ సరిగా పట్టదు. కొబ్బరినూనె ముద్దగా రాసుకునే మన మామ్మగార్లకు ఇది పెట్టేవారు ముందు తలంటు సంగతి అడుగుతున్నారా అని నాకు అనుమానం. ఈఈజీకి పంపేటప్పుడు తలంటుకుని రమ్మని మేము అందుకే చెబుతాం.

మరి జ్ఞాపకశక్తి పెరుగుతుందా? కొట్టిపారేయడానికి వీలులేని ఫలితాలు వచ్చాయి. 2019లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రైన్‌హార్ట్ బృందం 60 దాటినవారికి 25 నిమిషాలు టీఏసీఎస్ ఇచ్చి, మనసులో ఒక విషయాన్ని కాసేపు నిలుపుకునే శక్తి పెరిగిందనీ, ఆ తరువాత 50 నిమిషాలపాటు అది నిలిచిందనీ చెప్పింది. 2022లో అదే బృందం 65 నుంచి 88 ఏళ్ల మధ్యవారు 150 మంది మీద నాలుగు రోజులు వరుసగా, రోజుకు 20 నిమిషాలు చేసింది. ఆ సమయంలో 20 మాటల పట్టికలు వినిపించి తిరిగి చెప్పించారు. మెరుగుదల నెలరోజుల తరువాత కూడా కనిపించింది. అదే సంవత్సరం రోములో కోక్ అనే వైద్యుని బృందం 50 మంది అల్జీమర్స్ రోగులకు 24 వారాలు టీఎంఎస్ ఇచ్చింది. ఉత్తుత్తి మిషను పెట్టినవారితో పోలిస్తే వారిలో జబ్బు ముదరటం నెమ్మదించిందని తేలింది. మన కోస్తా జిల్లాలకు బాప్టిస్టు మిషనరీలు వచ్చిన కెనడా దేశంలో, టొరంటోలో, 375 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధన 2024లో వెలువడింది. మెదడుకు అభ్యాసాలు, దానితోపాటు టీడీసీఎస్ ఇచ్చినవారిలో క్షీణత నెమ్మదించింది. ముఖ్యంగా ఇంతకు ముందు డిప్రెషన్ వచ్చి తగ్గినవారిలో.

ఇవన్నీ మంచి వార్తలే. అయినా ఆ అబ్బాయిని గొలుసు తాకట్టు పెట్టవద్దనే అన్నాను. బోస్టన్‌లో కూర్చున్న ఆ 150 మందిలో డిమెన్షియా ఉన్నవారు లేరు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్దలు. వీడియోలో చూపించేది వాళ్లనే. ఇంటికి దారి మరిచిపోయే మనిషికి అదే ఫలితం వస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు, చెప్పామని వాళ్లు కూడా అనలేదు. రోము పరిశోధన అల్జీమర్స్ రోగుల మీదే జరిగింది గానీ, అందులో ఉన్నది 50 మంది. పైగా జబ్బు నెమ్మదించింది, పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. టొరంటోలో అభ్యాసాలూ కరెంటూ రెండూ కలిపి ఇచ్చారు కనుక, మేలు చేసింది కరెంటా అభ్యాసమా అన్నది విడదీసి చెప్పలేము. 2019లో అల్జీమర్స్ కోసం ఇలాంటి ఒక అయస్కాంత యంత్రాన్ని అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందు పెడితే, మేలు జరుగుతుందన్న రుజువు ఆ సంఘానికి చాలలేదు.

నర్సుగా నాకు ఇంకొక సంగతి కూడా కనిపిస్తుంది. ఈ పరిశోధనలలో కొంతమందికి ఉత్తుత్తి కరెంటు పెడతారు. మొదట కొన్ని క్షణాలు చురుక్కుమనిపించి ఆపేస్తారు, రోగికి తేడా తెలియదు. వారిలోనూ కొంత మెరుగు కనిపించటం మామూలే. ఎందుకు కనిపించదు? రోజూ ఒక మనిషి ఎదురుగా కూర్చుని, పేరు పెట్టి పిలిచి, అరగంటసేపు మాట్లాడించి, చెప్పింది వింటుంటే ఏ మామ్మగారి ముఖమైనా తేటపడుతుంది. మన వార్డులో అది రోజూ చూస్తున్నాం. కరెంటు ఫలితం దానికి మించి ఎంత అన్నదే తేలాలి.

పరిశోధన వద్దని నేను అనను. పరిశోధన లేకపోతే కుష్ఠుకు మందు వచ్చేది కాదు, టీబీకి వచ్చేది కాదు. కానీ పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నియమాలలో, మామూలు వైద్యానికి మించి పరిశోధన కోసమయ్యే ఖర్చును పాల్గొనేవారి మీద వేయకూడదని ఉంది. 2007లో మొదలైన సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో ఆ పరిశోధన నమోదై ఉండాలి. ఎవరైనా చూసుకోవచ్చు. పరిశోధన కాదు, వైద్యమే అంటే, ఈ జబ్బుకు ఈ మిషను ఏ దేశంలో ఏ సంస్థ అనుమతించిందో కాగితం చూపించాలి. డిప్రెషన్‌కు వచ్చిన అనుమతి కాగితం చూపించి మతిమరుపుకు డబ్బు తీసుకుంటే కుదరదు. ఈ రెండింటిలో ఏదీ కాకుండా "ట్రై చేద్దామండీ, నష్టం ఏముంది" అనే మాట వినపడితే లేచి వచ్చేయండి. నష్టం 40 వేలు. నష్టం చెల్లెలి గొలుసు. అన్నిటికంటే పెద్ద నష్టం, అసలు కారణం వెతకకుండా పోయిన ఆ నెలరోజులు.

ఆ ముసలమ్మ విషయంలో జరిగింది చెబుతాను. మా డాక్టరుగారు ముందు చెవులు చూశారు. రెండు చెవుల్లోనూ గులిమి రాయిలా గట్టిపడి ఉంది. అది తీశాక కూడా వినికిడి తక్కువే. సగం మాటలు చెవిన పడని మనిషి, అడిగిందే అడగక ఏం చేస్తుంది? 11 సంవత్సరాలుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అది ఎక్కువకాలం వాడినవారిలో బీ12 విటమిన్ తగ్గుతుంది, బీ12 తగ్గితే మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. పరీక్ష చేయిస్తే బాగా తక్కువగా ఉంది. ఆ పైన, మందుల సంచి కుమ్మరిస్తే నిద్ర కోసమని మందుల షాపులో కొన్న ఆల్ప్రజోలమ్ ఒకటి, దురదకని క్లోర్‌ఫెనిరమిన్ ఒకటి, రెండూ రోజూ రాత్రి వేస్తున్నారు. పెద్దవాళ్ల బుర్రను మబ్బు పట్టించడానికి ఆ రెండూ చాలు. నిద్రమాత్రను డాక్టరుగారు ఒక్కసారిగా ఆపలేదు, కొంచెం కొంచెంగా తగ్గించారు. మీరు కూడా మీ అంతట మీరు ఆపవద్దు, ప్రమాదం.

మూడు నెలలైంది. బీ12 ఇంజక్షన్లు పడ్డాయి. చెవి మిషను వచ్చింది. మొదట "గోల, గోల" అని తీసి పడేసేది, ఇప్పుడు అలవాటైంది. పగలు కునుకుపాట్లు తగ్గాయి, కోడలిని గుర్తుపడుతోంది. అంతా నయమైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. డబ్బు లెక్క ఇంకా తప్పుతోంది, మొన్న పొయ్యి మీద పాలు మరిచిపోయింది. డిమెన్షియా మొదటి దశ కూడా ఉండవచ్చని డాక్టరుగారి అనుమానం, కేజీహెచ్ న్యూరాలజీకి రాసి ఇచ్చారు. కానీ ఉన్న జబ్బు మీద మూడు బరువులు అదనంగా ఉన్నాయి. వాటిని దించాం. పది రోజులు కరెంటు పెట్టి ఉంటే ఆ మూడు బరువులూ అలాగే ఉండేవి.

చెవి సంగతి చిన్నదని తీసిపారేయకండి. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవారు 977 మంది మీద జరిగిన పరిశోధనలో, మొత్తం మీద తేడా కనిపించలేదు గానీ, మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో వినికిడి చికిత్స తీసుకున్న వర్గంలో మూడేళ్లలో క్షీణత దాదాపు సగం తగ్గింది. 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చెవి మిషన్లు, కళ్లజోళ్లు ఉచితంగా ఇస్తారు. క్యాంపులు పెట్టినప్పుడు మన సంఘాలలో ప్రకటించాలని పాస్టరు అయ్యగార్లకు మనవి.

తప్పు మాలోనూ ఉంది. చాలా సంవత్సరాల క్రితం, నేను వార్డు సిస్టరుగా ఉన్న రోజుల్లో, ఒక తాతగారు రాత్రంతా గోడతో మాట్లాడుతూ మంచం దిగిపోతుంటే, పెద్దతనం అని రిపోర్టు బుక్కులో రాసి వదిలేశాను. తెల్లారి రక్తపరీక్షలో ఉప్పు, అంటే సోడియం, ప్రమాదకరంగా పడిపోయి ఉంది. దేవుని దయవలన బతికాడు. మాట తడబాటు ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వస్తే అది మతిమరుపు జబ్బు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షను, షుగరు పడిపోవటం, సోడియం తగ్గటం, నెల క్రితం జారిపడితే తలలో నెమ్మదిగా చేరిన రక్తం, ఇవి వెతకాలి. ఆరోజే తీసుకురావాలి. థైరాయిడ్ తక్కువైనా, భర్త పోయిన దిగులు లోపల పేరుకుపోయినా, బయటికి మతిమరుపులాగే కనిపిస్తుంది. అలా దిగులు మందులకు లొంగనప్పుడు నిపుణులు టీఎంఎస్ చెబితే మాత్రం నేను అడ్డుచెప్పను. దానికి రుజువు ఉంది.

మన దేశంలో 60 దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. అంటే సుమారు 88 లక్షల మంది. ఇంతమంది ఉన్నా, పెద్ద పెద్ద ప్రయోగాలు ఎక్కువగా జరిగేది చదువుకున్న దొరల మీద, వాళ్ల భాషలో, 20 మాటల పట్టికలతో. పలక పట్టని మన అమ్మలకు ఆ పట్టిక ఏం కొలుస్తుంది? మనవాళ్ల మీద మనవాళ్లు చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారికి, ఒక్క భాషే మాట్లాడేవారికంటే జబ్బు సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది. బడికి వెళ్లనివారిలోనూ అంతే. తెలుగు, ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడుకునే బజారు మనుషుల మాట ఇది. ఇటువంటివారు ఈ కరెంటు మిషనును కూడా మనవాళ్ల మీద, మన భాషలో పరీక్షించి చెబితే అప్పుడు నమ్ముతాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో స్కిజోఫ్రెనియా రోగులకు చెవిలో వినపడే మాటలు తగ్గించడానికి టీడీసీఎస్ మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది కూడా. నేర్పు మన దేశంలో లేక కాదు.

అలాంటి పరిశోధనకు ఎప్పుడైనా మీ అమ్మగారిని తీసుకువెళితే, ఆమెను అడగండి. మతి తప్పుతున్న మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకుంటాం. ఆమెకు తెలుస్తుంది. వేలిముద్ర కొడుకు పట్టుకుని వేయించేది కాదు. తడి స్పాంజిని ముందు చేతికి తాకించి చూపించమనండి. ఈరోజు సరే అన్నదని రేపు అడగకుండా పెట్టవద్దు. రేపటికి ఆ సంగతి మరిచిపోయి ఉంటుంది కనుక, రోజూ కొత్తగా అడగాలి. తలలో క్లిప్పు, ఏదైనా లోహం, గుండెకు పేస్‌మేకర్, పూర్వం ఫిట్సు, ఇవి ఉంటే ముందే చెప్పాలి.

మొన్న ఆదివారం ఆ ముసలమ్మను ఆరాధనకు తీసుకువచ్చారు. కోడలి పక్కన కూర్చుంది. వాక్యం చదివేటప్పుడు నిద్రపోయింది గానీ, కీర్తన ఎత్తుకోగానే కళ్లు తెరిచి, పుస్తకం లేకుండా ఆఖరి చరణం వరకూ పాడింది. నేను మధ్యలో ఒక చరణం మరిచిపోయి ఆమె నోటివైపు చూశాను. బయటికి వస్తూ ఆ అబ్బాయి మళ్లీ అడిగాడు, "అయితే సిస్టరమ్మగారూ, ఆ మిషను ఎప్పటికీ వద్దంటారా?" కేజీహెచ్ డాక్టరుగారు చూసిన తరువాత మాట్లాడుకుందాం బాబూ, ఈలోగా గొలుసు మాత్రం బీరువాలోనే ఉంచండి అన్నాను. ఈసారి అమ్మగారివైపు తిరిగి, ఆమె చెవి మిషను దగ్గర, "అమ్మా, మీ తలకి కరెంటు పెట్టటం లేదు" అని చెప్పాను. "ఏ కరెంటు?" అంది.

మీ ఇంటి పెద్దలను మన ఆసుపత్రికి తెచ్చేటప్పుడు వారు వాడే మందుల అట్టలన్నీ, ఆయుర్వేదం, షాపులో కొన్నవీ సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. రోజూ వారికి అన్నం పెట్టే మనిషి కూడా తోడు రావాలి. డబ్బు కట్టే కొడుకు ఒక్కడే వస్తే మాకు సగం సంగతులే తెలుస్తాయి.